పగటి ప్రయాణానికి ఏ నలుపు-తెలుపు రీలు? ఎండనూ, మండపాన్నీ, కెమెరానూ, ల్యాబ్‌నూ చూసి ఎంచుకోవడం

పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణంలో సాధారణంగా కెమెరాలో ఒక్క రీలే ఉంటుంది. ముప్పై ఆరు ఫ్రేములు పూర్తయ్యేదాకా దాన్ని మార్చడం కష్టం. డిజిటల్ కెమెరాలో ఎండకు ఒక ఐఎస్ఓ, నీడకు ఒక ఐఎస్ఓ పెట్టుకోవచ్చు గానీ, ఫిల్ము వేగం, అంటే వెలుగుకు అది ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే ఐఎస్ఓ అంకె, డబ్బా మీద ముందే అచ్చయి వస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండకూ, రాతి మండపంలోని మసక వెలుగుకూ, చెరువు గట్టు మీద సంధ్యకూ అదే సరిపోవాలి. కొనడానికి వెళ్లినప్పుడు ఏడెనిమిది పేర్లు ఎదురై, ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. రీలు పేరునూ, దాని గురించి చెప్పుకునే ప్రత్యేకమైన గ్రెయిన్‌నూ (ఫొటోలో కనిపించే సన్నని రవ్వల్లాంటి గరుకును) కాసేపు పక్కన పెట్టి, మీరు ఆ రోజు ఎక్కువ సేపు ఎలాంటి వెలుగులో ఉండబోతున్నారో, ఆ రీలును చివరికి ఎవరు కడగబోతున్నారో (డెవలప్ చేయబోతున్నారో) చూసుకుంటే ఎంపిక సగానికి పైగా తేలిపోతుంది. మిగిలిన సగం మీ కెమెరా తేలుస్తుంది. ఈ మూడూ తెలియకుండా ఎంత పేరున్న ఫిల్ము కొన్నా అది అదృష్టం మీద ఆధారపడిన పనే అవుతుంది.

ముందుగా చూసుకోవలసినవి

మొదటిది వెలుగు. మన ప్రాంతంలో వానాకాలం మినహా ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ తీవ్రంగా ఉంటుంది. ఎర్రటి ఎండలో ఎఫ్16 అపెర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి, ఫిల్ము వేగానికి దగ్గరగా ఉన్న షట్టర్ స్పీడ్ ఎంచుకుంటే ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద పడే వెలుగు మోతాదు, సరిపోతుందన్న పాత సూత్రం ఇక్కడ బాగా పనిచేస్తుంది. అంటే 125 వేగపు ఫిల్ముకు 1/125, 400 వేగపు ఫిల్ముకు 1/500. అదే సమయంలో మనం చూడటానికి వెళ్లే చోట్లలో చాలావాటికి లోపలి భాగం చీకటిగా ఉంటుంది. గుడి మండపాలు, కోటల్లోని గదులు, సమాధి మందిరాలు, పాత ఇళ్ల వసారాలు అన్నీ ఇలాంటివే. బయటికీ లోపలికీ మధ్య తేడా ఎనిమిది, తొమ్మిది స్టాపుల దాకా ఉండవచ్చు; ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడమో, సగం కావడమో.

రెండవది కెమెరా. అటక మీద నుంచి దించిన యాషికా ఎలక్ట్రో 35 గరిష్ఠ షట్టర్ స్పీడ్ 1/500. పెంటాక్స్ కే1000కు 1/1000. మొదటి కెమెరాలో 400 వేగపు రీలు వేసి నడి ఎండలోకి వెళితే లెన్సు ఎఫ్16 దగ్గర ఆగిపోతుంది, అంతకంటే తగ్గించడానికి గానీ పెంచడానికి గానీ చోటు ఉండదు. ముఖం వెనక ఉన్న జనాన్ని మసకగా చూపాలన్న కోరిక అప్పుడు తీరదు. మరోవైపు లెన్సు ఎఫ్3.5 కంటే ఎక్కువ తెరుచుకోని కెమెరా అయితే, తక్కువ వేగపు రీలు మండపంలో అడుగు పెట్టగానే నిస్సహాయమైపోతుంది.

మూడవది కడగడం. ఒకప్పుడు ప్రతి పట్టణంలోనూ స్టూడియో వెనక చీకటి గది ఉండేది. ఇప్పుడు నలుపు-తెలుపు ఫిల్మును శ్రద్ధగా కడిగే ల్యాబులు పెద్ద నగరాల్లో కొద్దిగానే ఉన్నాయి, మిగతావారు కొరియర్‌లో పంపవలసిందే. రంగుల రీళ్లను మాత్రమే కడిగే ల్యాబ్ దగ్గరలో ఉందా, ఇంట్లోనే కడుక్కోగలరా, కొరియర్ తప్పదా అన్నదాన్ని బట్టి కొన్ని రీళ్లు మీకు సులువవుతాయి, కొన్ని భారమవుతాయి.

నాలుగవది ధర, దానితో పాటు మళ్లీ దొరకడం. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసిన రోజులు పోయాయి. ఇప్పుడు చేతికొచ్చే ప్రతి రీలూ దిగుమతి సరుకే కాబట్టి ధర తరచుగా మారుతుంది. ఒక రీలు ఎంత బాగున్నా ఆరు నెలల పాటు మళ్లీ దొరకకపోతే దాని స్వభావం మీ చేతికి అలవాటు కాదు. అలవాటు లేని ఫిల్ముతో మంచి ఫొటో రావచ్చు గానీ, అనుకున్న ఫొటో రావడం అరుదు.

గ్రెయిన్, కాంట్రాస్ట్ (నలుపు-తెలుపుల మధ్య తేడా) లాంటి రుచుల సంగతి వీటి తర్వాతే వస్తుంది.

పరీక్షకు ఒక రోజు: హనుమకొండ నుంచి రామప్ప దాకా

విడివిడిగా గుణాలు చెప్పుకోవడం కంటే నిజమైన ఒక రోజును ముందు పెట్టుకుంటే తేడాలు స్పష్టంగా తెలుస్తాయి. ఉదయం హనుమకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడి, తర్వాత వరంగల్ కోటలో ఆరుబయట నిలిచిన రాతి తోరణాలు, మధ్యాహ్నం తర్వాత ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి, చివరికి రామప్ప చెరువు గట్టు. ఫొటోల కోసం ఒక్క రోజు కేటాయించగలిగిన తెలుగువారికి ఇంతకంటే పూర్తి అయిన దారి మరొకటి ఉందని నేను అనుకోను.

ఇందులో రామప్ప దగ్గరే అసలు చిక్కు ఉంది. గుడి గోడలు లేత ఎర్రని ఇసుకరాయి. లోపలి స్తంభాలూ, చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీ విగ్రహాలూ నునుపు తేలిన నల్లరాయి. చూరు కింద నిలబడి ఒక మదనికను చూస్తే, ఆమె నల్లని దేహం నీడలో ఉంటుంది, వెనక నుంచి ఆకాశం తెల్లగా మెరుస్తుంటుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, అప్పుడు విగ్రహం వివరమేమీ లేని నల్లటి ఆకారంగా మిగులుతుంది. ఒకటిన్నర లేదా రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. నాలుగు అడుగులు లోపలికి వేసి ఒక స్తంభం మీది నగిషీని దగ్గరగా చూపబోతే వ్యవహారం తలకిందులవుతుంది: ఫ్రేమంతా నల్లరాయే కాబట్టి మీటరు దాన్ని బూడిద రంగుగా చేయాలని చూసి ఎక్కువ ఎక్స్‌పోజర్ చెబుతుంది, ఇక్కడ ఒక స్టాపు తగ్గించాలి. ఒకే గుడిలో, నిమిషాల తేడాతో, రెండు వ్యతిరేక దిశల్లో దిద్దుబాటు చేయవలసి వస్తుంది కాబట్టి ఇలాంటి రోజుకు తీసుకెళ్లే ఫిల్ముకు ఓర్పు ఎక్కువ ఉండాలి. కింద ఒక్కొక్క రీలునూ ఈ దారి మీద నడిపించి చూద్దాం.

ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్

వేగం 400. మొదటిసారి నలుపు-తెలుపు రీలు వేస్తున్నవారికి నేను ఎప్పుడూ దీన్నే చెబుతాను. దీని పెద్ద గుణం ఓర్పు. రెండు స్టాపులు ఎక్కువ ఎక్స్‌పోజర్ పడినా నెగెటివ్ కొంచెం దట్టంగా వస్తుంది తప్ప ఆకాశంలోని వివరం పూర్తిగా పోదు. ఒక స్టాపు తక్కువ పడినా నీడలో ఏదో మిగులుతుంది. కాంట్రాస్ట్ మితంగా ఉంటుంది కాబట్టి స్కాన్ చేసిన తర్వాత కంప్యూటర్‌లో మనకు కావలసినంత పెంచుకోవచ్చు. మదనికలు, స్తంభాలు అనే రెండు చిక్కుల్లో ఒకదాని దగ్గర మీ లెక్క తప్పినా ఈ ఫిల్ము ఆ తప్పును చాలావరకు కాచుకుంటుంది.

మండపంలో ఎఫ్2.8 వద్ద 1/30 దొరికే చోట చేతితో పట్టుకునే ఫొటో తీయగలరు. రోజంతా లోపలే గడిపే పని అయితే మొత్తం రీలును 1600 వేగంగా భావించి తీసి, కడిగేటప్పుడు ఎక్కువ సేపు డెవలప్ చేయించవచ్చు. ఫొటోగ్రాఫర్లు పుష్ చేయడం అనేది దీన్నే. అయితే ఇది రీలు మొత్తానికి వర్తిస్తుంది, సగం రీలు 400, సగం 1600 అనడం కుదరదు. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలి.

దీని బలహీనత కోట తోరణాల దగ్గర బయటపడుతుంది. నడి ఎండలో 1/500, ఎఫ్16. అందుకు నేను ఎంతో ఇష్టంగా చెప్పే ఉపాయం ఒకటుంది: బయట ఉన్నంతసేపు లెన్సుకు నారింజ రంగు ఫిల్టరు బిగించండి. అది దాదాపు రెండు స్టాపుల వెలుగును మింగేస్తుంది కాబట్టి 400 వేగపు రీలు 100 వేగపు రీలులా నడుస్తుంది. పైగా నీలాకాశం ముదురుగా మారి తోరణం రాయి ముందుకు వస్తుంది. మండపంలోకి వెళ్లేటప్పుడు ఫిల్టరు విప్పి జేబులో వేసుకుంటే మీ 400 వేగం మీకు తిరిగి దక్కుతుంది. ఒక్క రీలుతో రెండు వేగాలు సాధించే మార్గం ఇది. కే1000 లాంటి కెమెరాలు లెన్సు గుండానే వెలుగు కొలుస్తాయి గనుక ఫిల్టరు లెక్కను అవే చూసుకుంటాయి. ఎలక్ట్రో 35 జీఎస్ఎన్ లాంటి వాటిలో మీటరు లెన్సుకు బయట ఉంటుంది కాబట్టి ఫిల్టరు బిగించినప్పుడు ఐఎస్ఓ డయల్‌ను 100కు తిప్పాలి, విప్పినప్పుడు 400కు తేవాలి.

ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్

వేగం 125. మన ఎండలకు సరిగ్గా సరిపోయే ఫిల్ము ఇదే అయినా, 400 ఉంటే దేనికైనా పనికొస్తుందన్న మాట వల్ల చాలామంది దీన్ని ముట్టుకోరు. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. తోరణాల దగ్గర ఇది 1/500, ఎఫ్8 ఇస్తుంది. 1/1000 ఉన్న కెమెరాలో ఎఫ్5.6 దాకా తెరవవచ్చు. ఇసుకరాయి గోడ మీద పక్కవాటు ఎండ పడినప్పుడు రాయి గరుకుదనం, ఉలి గీతలు, నాచు మరకలు వేటికవి విడివిడిగా కనిపిస్తాయి. గ్రెయిన్ చాలా తక్కువ కాబట్టి పెద్ద ప్రింటు వేయించినా ముఖాల మీద ఛాయలు మెత్తగా ఉంటాయి.

మండపంలో మాత్రం ఇది అడుగుపెట్టిన వెంటనే పరిమితి చూపుతుంది. హెచ్‌పీ5కు 1/30 చాలిన చోట దీనికి 1/8 కావాలి. ఎఫ్1.8 లెన్సు ఉంటే 1/30 దగ్గరకు మళ్లీ చేరుకోవచ్చు గానీ, అప్పుడు ఫోకస్ లోతు చాలా తగ్గి నంది ముక్కు స్పష్టంగా ఉంటే మూపురం మసకబారుతుంది. కాబట్టి రోజులో మూడొంతులు ఆరుబయట గడిపేవారికి, అంటే గండికోట అంచున నిలబడి పెన్నా లోయను చూసేవారికి, భీమిలి తీరంలో వలలు ఆరబెట్టే చోట తిరిగేవారికి, పొలాల్లో కోతలు తీయాలనుకునేవారికి ఇది మొదటి ఎంపిక. గుళ్లు, గుహలు ఉన్న రోజుకు కాదు.

ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్

ఇది వేరే జాతి ఫిల్ము. చూడటానికి నలుపు-తెలుపే అయినా దీన్ని రంగుల రీళ్లకు వాడే సీ-41 పద్ధతిలో కడుగుతారు. చివరికి నెగెటివ్‌లో మిగిలేది వెండి కాదు, రంగు పదార్థం. దగ్గరలో రంగుల ల్యాబ్ మాత్రమే ఉన్నవారికి ఇది పెద్ద ఊరట. అచ్చయిన వేగం 400 అయినా, కడిగే పద్ధతి ఏమీ మార్చకుండా ఒకే రీలు మీద 50 నుంచి 800 దాకా వాడుకోవచ్చని తయారీదారులే చెబుతారు. మామూలు ఫిల్ములో ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తే గ్రెయిన్ పెరుగుతుంది, ఇందులో తగ్గుతుంది. అందువల్ల దీన్ని 200గా భావించి తీయడం మంచి అలవాటు. రామప్పలో ఆకాశం ముందు నిలిచిన మదనిక లాంటి దృశ్యంలో వెనక తెల్లదనం చాలా సాఫీగా సర్దుకుంటుంది.

స్కానింగ్‌లో కూడా దీనికొక సౌకర్యం ఉంది. కొన్ని స్కానర్లలో దుమ్మునూ గీతలనూ ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో గుర్తించి తొలగించే ఏర్పాటు ఉంటుంది. మామూలు నలుపు-తెలుపు ఫిల్ములోని వెండి ఆ వెలుగును అడ్డుకుంటుంది గనుక వాటికి అది పనిచేయదు, ఎక్స్‌పీ2కు పనిచేస్తుంది. ఇంత ఉన్నా నేను దీన్ని రెండో స్థానంలోనే ఉంచుతాను. ఇంట్లో కడుక్కునే సంతోషం ఇందులో తక్కువ. నీటిని 38 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచాలి. వెండి గ్రెయిన్‌కు ఉండే పదును కూడా ఇందులో కనిపించదు, ఛాయలు మరీ నున్నగా ఉంటాయి. పిల్లల ముఖాలకు అది అందం, పాత రాతి గోడకు లోటు.

ఫోమాపాన్, కెంట్‌మియర్

చెక్ దేశంలోని హ్రాడెట్స్ క్రాలోవే నగరంలో తయారయ్యే ఫోమాపాన్, ఇల్‌ఫోర్డ్ ఫిల్ములు తయారుచేసే హార్మన్ సంస్థే తక్కువ ధరకు ఇచ్చే కెంట్‌మియర్, ఈ రెండూ ఎక్కువ రీళ్లు తీసి నేర్చుకోవాలనుకునేవారికి తగినవి. ఫోమాపాన్ 400 మీద అచ్చయిన అంకెను నమ్మవద్దు. నీడల్లో వివరం కావాలంటే దాన్ని 200 లేదా 250గా తీయాలి, పుష్ చేయడానికి అది అనువైనది కాదు. ఫోమాపాన్ 100 పగటి వెలుగులో చక్కని పాతకాలపు ఛాయలిస్తుంది. స్టాండు వేసి ఎక్కువ సేపు ఎక్స్‌పోజర్ ఇచ్చేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: మీటరు 10 సెకన్లు చెబితే దీనికి 80 సెకన్లు ఇవ్వాలి. హెచ్‌పీ5కు అలాంటి చోట 20 సెకన్లు చాలు. చెరువు గట్టు మీద సంధ్య వేళ వెలుగు క్షణక్షణానికీ తగ్గుతుంటే ఈ తేడా చాలా పెద్దది.

కెంట్‌మియర్ 400 గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. హెచ్‌పీ5 చేసే పనిలో చాలావరకు చేస్తుంది. గ్రెయిన్ కాస్త ఎక్కువ, ఓర్పు కాస్త తక్కువ.

ట్రై-ఎక్స్, టీ-మ్యాక్స్, డెల్టా 3200

కొడాక్ ట్రై-ఎక్స్ 35 మి.మీ. రీలుగా 1954లో వచ్చింది. పత్రికా ఫొటోగ్రాఫర్ల చేతుల్లో దశాబ్దాల పాటు ఉన్న ఫిల్ము. హెచ్‌పీ5 కంటే కాంట్రాస్ట్ కాస్త ఎక్కువ, నలుపులు లోతుగా ఉంటాయి. ఆ తేడా మీకు కంటికి తెలిసి, అదే కావాలనిపించిన రోజున అదనపు ధర పెట్టండి. అంతకుముందు అవసరం లేదు. టీ-మ్యాక్స్ 400లో గ్రెయిన్ 400 వేగపు ఫిల్ములన్నింటిలోకీ సన్నగా ఉంటుంది, కానీ కడగడంలో సమయం, ఉష్ణోగ్రత అటూ ఇటూ అయితే ఇది వెంటనే ఫలితంలో చూపిస్తుంది. ఎవరు ఎలా కడుగుతారో తెలియని ల్యాబ్‌కు పంపేవారు దీనికి దూరంగా ఉండటం మేలు. ఇల్‌ఫోర్డ్ డెల్టా 3200 అసలు వేగం దాదాపు 1000; దాన్ని 1600గానో 3200గానో వాడటానికి అనువుగా తయారుచేశారు. లాడ్ బజార్‌లో దీపాలు వెలిగిన తర్వాత తిరిగేవారికి తప్ప పగటి ప్రయాణానికి అది పనికిరాదు.

| రీలు | వేగం | ఎక్కడ బాగుంటుంది | ఎక్కడ ఇబ్బంది | కడగడం | ధర |
|---|---|---|---|---|---|
| హెచ్‌పీ5 ప్లస్ | 400 | ఎండ, నీడ కలిసిన రోజు | ఫిల్టరు లేకుండా నడి ఎండ | మామూలు నలుపు-తెలుపు, పుష్‌కు అనుకూలం | మధ్యస్థం |
| ఎఫ్‌పీ4 ప్లస్ | 125 | ఆరుబయట, రాయి, ముఖాలు | మండపాలు, గుహలు | మామూలు నలుపు-తెలుపు | మధ్యస్థం |
| ఎక్స్‌పీ2 సూపర్ | 400 | కుటుంబ ఫొటోలు, ఎక్కువ కాంట్రాస్ట్ ఉన్న వెలుగు | పదునైన గ్రెయిన్ కోరేవారికి | రంగుల ల్యాబ్, సీ-41 | మధ్యస్థం |
| ఫోమాపాన్ 100 | 100 | ఎండ, అభ్యాసం | సంధ్య, దీర్ఘ ఎక్స్‌పోజర్ | మామూలు నలుపు-తెలుపు | తక్కువ |
| కెంట్‌మియర్ 400 | 400 | అభ్యాసం, కలగలుపు వెలుగు | పెద్ద ప్రింట్లు | మామూలు నలుపు-తెలుపు | తక్కువ |
| ట్రై-ఎక్స్ | 400 | వీధులు, మనుషులు | నడి ఎండ | మామూలు నలుపు-తెలుపు | ఎక్కువ |
| టీ-మ్యాక్స్ 400 | 400 | సన్నని వివరం | అజాగ్రత్తగా కడిగే చోట | ఖచ్చితత్వం అవసరం | ఎక్కువ |

ధరలు తరచూ మారుతాయి కాబట్టి చివరి గడిని సాధారణ వరుసగానే చూడాలి.

ఫిల్టరు, బొట్టు, చీర అంచు

రీలు ఎంపికలో భాగంగానే ఫిల్టరునూ ఆలోచించాలి, ఎందుకంటే నలుపు-తెలుపు ఫిల్ము రంగులను ఎలా చూస్తుందో తెలియకపోతే మన ప్రాంతపు దృశ్యాలు చాలా నష్టపోతాయి. ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు ఉందనుకుందాం. కంటికి అంత విడిగా కనిపించే ఆ రెండు రంగులూ ఫిల్ము మీద దాదాపు ఒకే బూడిద ఛాయగా కలిసిపోవచ్చు. నారింజ ఫిల్టరు పెడితే చీర తేలికపడి, అంచు ముదురుతుంది. అదే ఫిల్టరు రామప్ప ఎర్రని గోడను కూడా తేలికపరిచి నల్లరాతి విగ్రహాన్ని దాని ముందు విడదీస్తుంది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త అవసరం. ఎర్ర ఫిల్టరుతో తీస్తే నుదుటి మీది కుంకుమ బొట్టు పాలిపోయి చర్మంలో కలిసిపోతుంది, పెదవులు తెల్లబడతాయి. అమ్మమ్మ ఫొటోలో బొట్టు లేకపోతే ఇంట్లో ఎవరూ ఆ ఫొటోను గోడకు పెట్టరు. ముఖాలకు పసుపు ఫిల్టరు చాలు; అది ఒక్క స్టాపు మాత్రమే తీసుకుంటుంది, మబ్బులనూ కాస్త నిలబెడుతుంది. బొట్టు గాఢమైన నలుపుగా రావాలంటే ఎరుపును చూడని ఇల్‌ఫోర్డ్ ఆర్థో ప్లస్ ఉంది గానీ, పగటి వెలుగులో దాని వేగం 80 మాత్రమే, చర్మం మీది ప్రతి మచ్చనూ అది ముదురుగా చూపుతుంది. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ కాలపు ప్లేట్లు ప్రధానంగా నీలం వైపు వెలుగుకే స్పందించేవి. నాటి హైదరాబాద్ కట్టడాల ఫొటోల్లో ఆకాశం తరచుగా మబ్బుల్లేని తెల్లని తెరలా కనిపించడానికి అదొక కారణం. ఇప్పటి ఫిల్ములకు ఆ ఇబ్బంది లేదు, ఒక పసుపు గాజు ముక్క చాలు.

ఇంట్లో కడిగేవారి మాట

ఇంట్లో కడుక్కుంటే రీలుకు అయ్యే ఖర్చు బాగా తగ్గుతుంది, అంతకంటే ముఖ్యంగా ఫలితం మీ చేతిలో ఉంటుంది. డెవలపింగ్ ట్యాంకు, రీలును చీకట్లో ఎక్కించడానికి నల్ల సంచి, థర్మామీటరు, డీ-76 లేదా ఐడీ-11 డెవలపరు, హైపో (ఫొటోను ఫిల్ము మీద స్థిరపరిచే ద్రావణం) ఉంటే మొదలుపెట్టవచ్చు. మన దగ్గర అసలు సమస్య వేడి. సమయాల పట్టికలన్నీ 20 డిగ్రీలకు లెక్కగట్టినవి. వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లు ముప్పై దాటి ఉంటాయి. హెచ్‌పీ5ను పలచన చేయని ఐడీ-11లో 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు కడగాలి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ సమయం ఐదు నిమిషాల కిందికి జారిపోతుంది, అంత తక్కువ సమయంలో డెవలపరు ఫిల్ము అంతటా సమానంగా పనిచేయదు. అందుకని డెవలపరును సమానంగా నీళ్లు కలిపి పలచన చేసుకోవాలి. అప్పుడు 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు, 24 వద్ద సుమారు 9 నిమిషాలు పడుతుంది. ఐసు ముక్కలు వేసిన టబ్బులో సీసాలను నిలబెట్టి 24కు దించడం మండు వేసవిలోనూ సాధ్యమే. ఎఫ్‌పీ4కు కూడా ఇదే పలచనలో 20 డిగ్రీల వద్ద 11 నిమిషాలు కాబట్టి అదే పద్ధతి సరిపోతుంది.

రీళ్లను పోగుచేసి ఒకేసారి కడిగే అలవాటు ఉన్నవారు ఇల్‌ఫోర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ కొనవద్దు. 50 వేగంతో అద్భుతమైన సన్నదనం ఉన్న ఫిల్ము అది, కానీ తీసిన ఫొటో అందులో ఎక్కువ కాలం నిలవదు. మూడు నెలల లోపు కడిగేయాలి. ఏ రీలునైనా ఎండలో నిలిపిన కారులో వదిలేయకూడదు.

ఎవరికి ఏది

నాన్నగారి పాత కెమెరా చేతికి వచ్చి, మొదటి రీలు వేస్తున్నవారు హెచ్‌పీ5, ఒక పసుపు ఫిల్టరు తీసుకోండి. వరసగా కొన్ని నెలల పాటు అదే వాడండి. కెమెరా తప్పు ఏదో, మీటరు తప్పు ఏదో, ఫిల్ము స్వభావం ఏదో విడివిడిగా తెలియాలంటే ఒకటైనా మారకుండా ఉండాలి. ఆ తర్వాత ఎఫ్‌పీ4ను ఒక పూర్తి ఎండరోజున ప్రయత్నిస్తే తేడా మీకే కనిపిస్తుంది.

పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి వెళ్లేవారికి ఫొటోల కోసం ఆగే తీరిక ఉండదు. వారికి ఎక్స్‌పీ2 సౌకర్యం. ఎక్స్‌పోజర్ కొంచెం అటూ ఇటూ అయినా ముఖాలు చక్కగా వస్తాయి, సెలవు ముగిసేలోపే దగ్గరి రంగుల ల్యాబ్ నుంచి చేతికి వస్తాయి.

శిల్పాన్ని చదవడానికే ఒంటరిగా వెళ్లేవారు రెండు రీళ్ల బరువు మోయగలరు. ఉదయం, సాయంత్రం పక్కవాటు ఎండలో ఎఫ్‌పీ4, మండపం కోసం హెచ్‌పీ5 పెట్టుకుని, ఒకటి పూర్తయ్యాకే రెండోది వేసేలా రోజును అమర్చుకోవచ్చు. యాషికా మ్యాట్ లాంటి 120 రీలు కెమెరా ఉన్నవారికి ఈ అమరిక ఇంకా సులువు, ఎందుకంటే రీలుకు 12 ఫ్రేములే. ఆ పెద్ద నెగెటివ్ మీద హెచ్‌పీ5 గ్రెయిన్ కూడా 35 మి.మీ. ఎఫ్‌పీ4 అంత సన్నగా కనిపిస్తుంది కాబట్టి ఒక్క హెచ్‌పీ5తోనే సరిపెట్టుకున్నా నష్టం లేదు. గుళ్లలో స్టాండుకూ ఫ్లాష్‌కూ అనుమతి ఉందో లేదో ముందే అడగాలి. గర్భాలయంలో ఫొటోలు తీయకూడదన్నది దాదాపు అన్నిచోట్లా ఉన్న నియమమే.

డబ్బు తక్కువ, ఉత్సాహం ఎక్కువ ఉన్న విద్యార్థులకు ఫోమాపాన్ 100, ఇంటి ట్యాంకు కంటే మంచి బడి లేదు.

అమెరికా నుంచో, యూరప్ నుంచో సెలవులకు వచ్చి ఊళ్లన్నీ తిరగాలనుకునేవారికి అసలు ప్రశ్న విమానాశ్రయపు స్కానర్లది. ఫిల్మును చెక్-ఇన్ పెట్టెలో ఎప్పుడూ వేయకూడదు. చేతి సామాను తనిఖీలో పాత రకపు ఎక్స్‌రే యంత్రం గుండా 400 వేగపు రీలు ఒకటి రెండుసార్లు వెళ్లినా సాధారణంగా ప్రమాదం ఉండదు గానీ, కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు తక్కువ వేగపు రీలును కూడా ఒక్కసారికే మసకబార్చగలవు. రీళ్లన్నింటినీ పారదర్శకమైన సంచిలో పెట్టి చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగాలి; అమెరికా విమానాశ్రయాల్లో అలా అడిగితే ఒప్పుకుంటారు, మిగతా చోట్ల అధికారి ఇష్టం. వారికి నేను హెచ్‌పీ5ను పుష్ చేయకుండా 400గానే తీయమనీ, డెల్టా 3200ను వెంట తెచ్చుకోవద్దనీ చెబుతాను, వేగం పెరిగేకొద్దీ ఎక్స్‌రే మరక తొందరగా పడుతుంది గనుక. వీలైతే రీళ్లను ఇక్కడే కొని, తిరుగు ప్రయాణానికి వారం ముందే హైదరాబాద్‌లోనో మరో నగరంలోనో కడిగించి నెగెటివ్‌లను తీసుకెళ్లండి. కడిగిన ఫిల్ముకు ఏ స్కానర్ వల్లా హాని లేదు.